కాలువగట్టు ప్రేమకథ – మెట్టసీమ పాఠకురాలు

యద్దనపూడి సులోచనారాణిగారి ‘మీనా’ నవలను గూర్చి పండితులు పలికినది స్వల్పము. పాఠకులు చెప్పుకొనినది అనల్పము. అయితే పాఠకుల మాటలు బావులకడను, బస్సులలోను, పెండ్లిపందిళ్ళలోను పుట్టి అక్కడనే అణగిపోవును గాని గ్రంథస్థములు కావు. అందుచేత నవలా చరిత్ర వ్రాయబూనినవారికి ఆ మాటలు దొరకవు. దొరకునవి విమర్శకుల తీర్పులు మాత్రమే. ఆరడుగుల కథానాయకుడు, పొడవైన కారు, అభిమానవతియైన పేదపిల్ల, పుటలకు పుటలు సాగు అపార్థము, కడపట కల్యాణము – ఇది కలల వర్తకమని ఆ తీర్పుల సారాంశము. అందు సత్యాంశము లేకపోలేదు. కాని ఆ కలను ఎవరు, ఎక్కడ కూర్చుండి, ఎట్టి బ్రతుకునకు ఎదురుగా కనిరో విచారింపకయే ఇచ్చిన తీర్పు అది.

ఈ విచారణకు పొదిలి వంటి ఊరు తగినది. ఒంగోలునుండి మార్కాపురము పోవు బాటమీద, నల్లమల కొండలకు తూర్పుగా ఉన్న మెట్టసీమ అది. ఒకనాడు సజ్జ, జొన్న, వరిగ, కంది పండించి, తరువాత పొగాకును నమ్ముకొని, బావి అడుగంటగా బోరు వేసి, ఆ బోరు ఎండగా మరియొక బోరు వేసి బ్రతికిన నేల. త్రాగునీటిలోని ఫ్లోరైడు ఈ ప్రాంతపు పాత కష్టము. నాగార్జునసాగరు కుడికాలువ దర్శి వైపు సాగినది గాని పడమటి మెట్టల కెక్కలేదు. ఆ కొరత తీర్చుటకై తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. కొండ తొలిచి సొరంగములు త్రవ్వుటయే ఒక తరము కాలమును మ్రింగినది. ఊరి చిరునామా సైతము స్థిరముగా నిలువలేదు. 1970 ఫిబ్రవరి 2వ తేదీ వరకు పొదిలి తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. ఆనాటినుండి ఒంగోలు జిల్లాలోనిదైనది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లా పేరు మారుచున్న ఆ సంవత్సరములలోనే సులోచనారాణిగారి నవలలు తెలుగునాట ఇంటింట ప్రవేశించుచుండెను.

అట్టి ఊరిలో, ఆ కాలమున, నవల చదువు పడుచు నొకతెను ఊహించుకొనవచ్చును. ఆమె ఏ ఒక్క వ్యక్తియు కాదు. అట్టివారు ప్రతి వీధిలోను ఉండిరి. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివినది. కళాశాల దూరమగుటచేత పెద్దలు చదువు మానిపించిరి. సంబంధములు చూచుచున్నారు. ఇంటి పని ముగిసిన పిదప, మధ్యాహ్నము రెండు గంటలకును, సాయంకాలము పశువులు ఇలుచేరు వేళకును నడుమ ఆమెకు ఒక గడియ తీరిక కలదు. బస్సులో వచ్చిన వారపత్రిక ఆ గడియలో ఆమె చేతి కందును. అంతకుముందే అది నాలుగిండ్లు తిరిగియుండును, అట్ట నలిగియుండును, ఒక్కొక్కప్పుడు ధారావాహిక ఉన్న పుటలే ఉండవు, ఎవరో చింపుకొనియుందురు. ఆ చింపిన పుటలను వారము వారము పోగుచేసి, కథ ముగియగానే గోనెసూదితో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి పుస్తకము చేసికొనుట ఆనాటి తెలుగు ఇండ్లలో అందరెరిగిన పనియే. అట్టి కుట్టుపుస్తకములు పెండ్లికూతురి పెట్టెలో చీరల అడుగున చేరి అత్తవారింటికి సైతము పోయినవి. తెలుగు నవలకు అవియే అసలు తాళపత్రములు. ఏ గ్రంథాలయమును వానిని సేకరింపలేదు. కొంచెము పెద్ద ఊళ్ళలోనైన అద్దె పుస్తకముల కొట్లుండెడివి. దినమునకింత యని రుసుము గనుక పుస్తకము తెచ్చినవారు రాత్రికి రాత్రి ముగింపవలెను. ఆ ఆతురతలో చదివినదానికి విమర్శకుడు కోరు నిలుకడ ఎట్లుండును? కాని అట్లు చదివినది మనసున పట్టినంతగా పాఠ్యపుస్తకము పట్టదని తెలుగు బోధించువారెల్లరు ఎరుగుదురు, ఒప్పుకొనరు.

సులోచనారాణిగారు 1940లో కృష్ణాజిల్లా కాజ గ్రామమున జన్మించిరి. 1956లో ‘ఆంధ్రపత్రిక’లో వెలువడిన ‘చిత్రనళినీయం’ వారి తొలికథ. వివాహానంతరము హైదరాబాదు చేరి, అక్కడినుండి నాలుగైదు దశాబ్దములు వ్రాసిరి. 2018 మే నెలలో కాలిఫోర్నియాలో కన్నుమూసిరి. కాజనుండి కాలిఫోర్నియా వరకు సాగిన ఆ పయనము వారి పాఠకులలో అనేక కుటుంబముల పయనమే అగుట గమనింపదగినది. డెల్టా రైతుబిడ్డలు పట్టణమునకు, పట్టణపు బిడ్డలు సముద్రముల ఆవలికి తరలిన అర్ధశతాబ్దమది. వారి ‘సెక్రటరీ’ ‘జ్యోతి’ మాసపత్రికలో వెలువడి, 1976లో చిత్రమైనది. ‘మీనా’ అంతకు ముందే, 1973లో, విజయనిర్మలగారి దర్శకత్వమున తెరకెక్కినది. తెలుగులో వారు దర్శకత్వము వహించిన మొదటి చిత్రము అదియే. నాయిక పాత్రయు వారిదే. ఒక స్త్రీ వ్రాసిన కథను మరియొక స్త్రీ తెరపై నడుపుట నాటికి అరుదైన విషయము.

‘మీనా’ కథ తెలుగువారికి కొత్త కాదు గనుక విస్తరింప బనిలేదు. పట్టణమున ధనికుల ఇంట పుట్టిన పిల్ల మీనా. తల్లి కృష్ణవేణి శాసనమే ఆ ఇంట చట్టము. కూతురు ఏ చీర కట్టవలెను, ఎవరితో మాటాడవలెను, ఎవరిని పెండ్లాడవలెను అన్నియు తల్లియే నిర్ణయించును. తండ్రి సాధువు, నోరు మెదపడు. తల్లి ఊరలేని వేళ మీనా తండ్రివైపు బంధువుల పల్లెకు పోవును. అక్కడ వరుసకు బావయైన కృష్ణ తారసిల్లును. సేద్యము చేసికొని బ్రతుకు అభిమానధనుడు. తరువాతి కథ ఎట్లు నడచునో చదువనివారు సైతము చెప్పగలరు. నవల రెండు సంపుటములైనను పాఠకులు ఆపక చదివిరనిన, ఏమి జరుగునో తెలియక గాదు. తెలిసినది జరుగువరకు ఓర్వలేక.

ఇప్పుడు పొదిలి పడుచు ఈ పుటలను ఎట్లు చదివియుండును?

మొదటి మాట నేల. నవలలోని పల్లె చల్లనిది. అక్కడ పచ్చదనమున్నది, నీడయున్నది, పాడియున్నది. రచయిత్రి పుట్టిన కృష్ణాడెల్టా కన్నులలో నిలిచియున్నందున ఆమెకు పల్లె యనగానే నీరు కనుపించుట సహజము. పట్టణపు పంజరమునుండి విడివడిన మీనాకు ఆ పచ్చని పొలమే స్వేచ్ఛ. పొదిలి పాఠకురాలు ఎరిగిన పల్లె అది కాదు. ఆమె మాటలలోనే ఆ భేదమున్నది. కాలువ ఊళ్ళవారు పొలము అనినచోట ఆమె తరచుగ చేను అనును. నెల్లూరు వాసన పోని ఆ సీమలో నీరుకట్టు మడిని కయ్య అందురు. కయ్య కలవాడు ఊరిలో వేళ్ళమీద లెక్కింపదగినవాడు. ఇరువది ఎకరముల చేను కలవాడు సైతము వాన తప్పిన ఏడు బియ్యము కొనుక్కొని తినవలసినవాడే. కనుక నవలలో కృష్ణను మధ్యతరగతి రైతుగా, మీనాను ధనికురాలిగా రచయిత్రి నిలిపినప్పుడు పొదిలి పాఠకురాలికి మీనా ధనము ఊహకందదు. కృష్ణ పేదరికము అంతకన్న అందదు. నీరున్న ఊరిలో, సొంత ఇంట, పాడిపశువుల నడుమ నున్నవాడు పేదవాడెట్లగునని ఆమెకు సందేహము కలిగియుండును. ‘తరగతి’ అను మాటకు డెల్టాలో ఒక కొలత, మెట్టలో వేరొక కొలత.

రెండవది ఇంతకన్న ముఖ్యమైనది. మీనాకు పట్టణము చెర, పల్లె విడుదల. పొదిలి పడుచుకు పల్లెయే చెర. వీధిలోనికి పోవలెనన్న ఎవరైన తోడుండవలెను. నవ్విన ప్రశ్న, నవ్వకున్న ప్రశ్న. చేలగట్ల వెంట స్వేచ్ఛగా తిరుగు పెద్దింటి పిల్లను ఆమె పుస్తకములో తప్ప చూడలేదు. చేలలో తిరుగు స్త్రీలు ఉండిరి, నిజమే. వారు కూలికి పోవువారు. వారికి తిరుగుట స్వేచ్ఛ కాదు, గత్యంతరము లేమి. అందుచేత ‘మీనా’లోని పల్లె ఘట్టములను చదివి ఆమె చిరునవ్వు నవ్వియుండును. ‘సెక్రటరీ’ని చదివినప్పుడు మాత్రము నవ్వలేదు. అందు జయంతి బామ్మతో కూడ పేదరికమున నున్నది, వనితావిహార్‌లో ఉద్యోగమునకు పోవును, జీతము తెచ్చుకొనును, రాజశేఖరమువంటి ధనికుని ఎదుట తలవంపక నిలుచును. అది ప్రేమకథయని విమర్శకులనిరి. మెట్టసీమలో అది ఉద్యోగకథగా చదువబడెనని చెప్పిన అతిశయోక్తి కాజాలదు. నెల జీతము, చేతిసంచి, తనకు తానై ఎక్కిన బస్సు – రాజశేఖరపు కారుకన్న ఈ మూడును ఆమె మనసున ఎక్కువగా తిరిగియుండును. కారు దొరకదని ఆమెకు తెలియును. బస్సు దొరకవచ్చును.

ఇక ప్రేమ, తరగతి – ఈ రెండింటి సంబంధమును ‘మీనా’ ఎట్లు తీర్చినదో చూడవలెను. నవలలో ధనగర్వమునకు ఒకే ముఖమున్నది. అది తల్లి కృష్ణవేణి ముఖము. తండ్రి అదే ధనముతో బ్రతుకుచున్నను నిర్దోషి, పల్లె పక్షపాతి. అనగా తరగతియను దానిని రచయిత్రి ఆస్తిలోగాక ఒక ఇల్లాలి స్వభావములో ఉంచినది. స్వభావదోషమైన పశ్చాత్తాపముతో పోవును, కన్నీటితో కరగును. ఆస్తి దస్తావేజులు కన్నీటితో కరగవు. ఇది ఈ నవలలోని పెద్ద లోపము. తెలుగు కుటుంబకథలలో గయ్యాళి అత్తకు అప్పగించిన భారమునే ఇక్కడ ధనికురాలైన తల్లికి అప్పగించిరి. ఇంటి పెత్తనమునకు పురుషుడు జవాబుదారి కాకుండ తప్పించుకొనినాడు. అయినను ఒక్క మాట చెప్పవలెను. కూతురి జీవితమును శాసించు ఆ తల్లిని పొదిలి పాఠకురాలు ధనికురాలిగా చదువలేదు; పెద్దరికముగా చదివినది. తన ఇంట ఆ పెద్దరికము తండ్రిదో, అన్నదో, మేనమామదో కావచ్చును. కృష్ణవేణికి ఎదురుగా మీనా నోరు విప్పిన ఘట్టము వచ్చినప్పుడు ఆ పాఠకురాలి కన్నులముందు నిలిచినది పట్టణపు మేడ కాదు, తన ఇంటి వసారా. రచయిత్రి తలపెట్టని అర్థము పాఠకురాలి చేతిలో పుట్టుట ఇట్లే.

కథను నడిపించు మీట మరియొకటి కలదు. దానిని ఆ కాలపు విమర్శ చూచీచూడనట్లు విడిచినది. కృష్ణ బావ వరుస. మేనరికము తెలుగునాట పూర్వమునుండి పెండ్లికి మొదటి హక్కు. కనుక మీనా ఎన్ని మెట్లు దిగి వచ్చినను కులపు గడప దాటనక్కరలేదు. ధనికురాలు పేదవానిని వరించినదని పాఠకులు పొంగిపోయిరి గాని, ఆ వరణము పెద్దలు సైతము కాదనలేని వరుసలోనే జరిగినదని గమనింపలేదు. ప్రేమకు తెగువయు దక్కినది, ఆచారమునకు మర్యాదయు దక్కినది. అచ్చమైన తెలుగు పరిష్కారమిది! పొదిలి పాఠకురాలికి ఈ పరిష్కారము మిక్కిలి నమ్మదగినదిగా తోచుటకు కారణము ఇదియే. మేనత్త కొడుకునకు ఆస్తి చాలదని త్రోసిపుచ్చి, కట్నమిచ్చి దూరపు సంబంధము చేయుట ఆమె ఎరిగిన ఇండ్లలో జరుగుచుండెడిది. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను కట్నము మాట మానలేదు. పేరు మాత్రము మారినది. త్రోసిపుచ్చిన బావను తిరిగి పిలిచిన కథగా ఆమె ‘మీనా’ను చదివినది.

కులపు గడపను నిజముగా దాటిన కథలు తెలుగులో లేకపోలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 1922లో వెలువడి ప్రభుత్వ నిషేధమునకు పాలైనది. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు చలముగారి కథతో ‘మాలపిల్ల’ చిత్రమును తీసి, బ్రాహ్మణ యువకునకును హరిజన బాలికకును ప్రేమను తెరపై చూపిరి. రంగనాయకమ్మగారి ‘బలిపీఠం’ 1960 దశకమున వెలువడి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి నందినది; 1975లో చిత్రమైనది. అందు భాస్కర్ హరిజనుడు. అరుణ బ్రాహ్మణ వితంతువు, రోగగ్రస్తురాలు. జాలితో జరిగిన ఆ వివాహము, ఆమె కోలుకొనిన పిదప పుట్టింటి ఆధిక్యభావము తలయెత్తగా, ఛిన్నాభిన్నమగును. ‘మీనా’ చదివినవారే ‘బలిపీఠం’ కూడ చదివిరి. మొదటిదానిని మరల మరల చదివిరి. రెండవదానిని ఒకసారి చదివి చాలించిరి. ఇందుకు పాఠకుల అభిరుచిని నిందించుట తేలిక. రెండవ పుస్తకము సత్యమునకు సమీపముగా నుండుటచే భరింపలేకపోయిరనుట సమంజసము. ఆ సత్యము పాతబడలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహము చేసికొనిన దళిత యువకుని, గర్భవతియైన భార్య చూచుచుండగా, ఆసుపత్రి ముందు నరికి చంపిరి. ఆ హత్యకు కారకుడుగా అభియోగము పొందినవాడు ఆమె కన్నతండ్రి. కృష్ణవేణమ్మ కోపము కథ చివర చల్లారినది. అన్ని కోపములును చల్లారవు.

‘మీనా’ను చదువనివారిని గూర్చియు ఒక మాట. 1961 జనాభా లెక్కలనాటికి ఆంధ్రప్రదేశములో స్త్రీలయందు చదువను వ్రాయను నేర్చినవారు నూటికి పన్నెండుగురు. మెట్ట తాలూకాలలో ఆ పాటియు ఉండుట కష్టము. కాబట్టి నవల చదువుటయే ఒక తరగతి గుర్తు. కాని ఇక్కడ లెక్కలు చెప్పని సంగతి యొకటి కలదు. చదువు వచ్చినది వసారాలో బిగ్గరగా చదువగా, చింతపండు గింజలు తీయుచు ఇద్దరు, బియ్యము చెరుగుచు ఒకతె వినుట ఆనాడు పరిపాటి. వినువారిలో కూలిపనికి వచ్చిన స్త్రీయు ఉండెడిది. మీనా పల్లెకు వచ్చి పాలు పితుకుట నేర్చుకొను వంటి ఘట్టమేదైన వినబడినప్పుడు ఆ స్త్రీ ఏమనుకొనినదో ఏ సాహిత్యచరిత్రయు చెప్పదు. పాలు పితుకుట వేడుకయగు లోకమొకటి కలదని ఆమెకు అప్పుడే తెలిసియుండును. రచయిత్రి ఆ కూలిమనిషిని పాత్రగా గైకొనలేదు. పల్లె అందమునకు ఆమె వెనుకతెర. తరగతిని గూర్చిన నవలలో అన్నిటికన్న క్రిందిదైన తరగతికి మాటయే లేకపోవుట చిత్రముగదా!

అర్ధశతాబ్దము గడచినది. 2016 జూన్‌లో త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వమున ‘అ ఆ’ చిత్రము విడుదలైనది. చూచినవారిలో వయసు మీరినవారందరు మొదటి అరగంటలోనే గుర్తుపట్టిరి – ఇది మన మీనా కథ యని. శాసించు తల్లి, మూగయగు తండ్రి, తల్లి లేనివేళ పల్లెకు పయనము, అక్కడ బావ. మూలనవల పేరు మొదట చెప్పలేదని పత్రికలలో వాదములు రేగినవి. ఆ వాదము ముగిసినను దాని వెనుక నున్న విశేషము మిగిలియున్నది: ఆ కథ ఇంకను పనిచేయుచున్నది. చిత్రములో ఒక మార్పు మాత్రము కాలధర్మము తెలిసి చేసినది. నాయకుని ఇంటిమీద అప్పు బరువుగా నున్నది. అప్పిచ్చిన పెద్దమనిషి తన కూతురిని ఆ ఇంటికి ఇచ్చి బాకీ చెల్లుబెట్టుకొనజూచును. నవలలో అభిమానముగా నున్నది చిత్రములో బాకీగా మారినది. ఈ అప్పు పద్దు పొదిలివారికి బాగుగా అర్థమగును. చిత్రము వచ్చుటకు ముందటి ఏడు, 2015లో, పొగాకు ధర పడిపోయి ప్రకాశము జిల్లా రైతులు నలిగిపోయిరి. బేరను కౌలు, కట్టెల ఖర్చు, ఎరువుల బాకీ తీరక ప్రాణములు తీసికొనినవారు ఉండిరి. పొదిలి పొగాకు వేలము కేంద్రములో బేళ్ళు అమ్ముడుగాక తిరిగి బండి కెక్కిన ఏడు ఇంట పెండ్లి మాట ఎత్తువాడుండడు.

అంతకన్న విపరీతమైన మార్పు మరియొకటి. ‘మీనా’ వెలువడిన నాడు ధనికుల పిల్ల సేద్యగానిని వరించుట పాఠకులకు తెగువగా తోచినను అసంభవముగా తోచలేదు. సేద్యమునకు గౌరవమున్న రోజులవి. పది ఎకరములున్న ఇంటికి పిల్లనిచ్చుటకు ఎవ్వరును వెనుదీయరు. నేడు తెలుగునాట అనేక పల్లెలలో సేద్యము చేయు యువకునకు సంబంధము కుదురుట దుర్లభమైనది. ధనికులు సరే, పేదవారే ఇయ్యరు. పొలమున్న రైతు సైతము కూతురికి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేయు వరుని వెదకును. ఆరడుగుల నాయకునకు కారు పోయి కంప్యూటరు వచ్చినది. మిగిలిన వర్ణన అట్లే యున్నది. కనుక 1970లో ‘మీనా’ను కల యనిన విమర్శకుడు నేడు బ్రతికియున్న ఆ మాటను మరింత గట్టిగా చెప్పవలసియుండును, కాని కారణము మారినది. అప్పుడు మీనా ధనము కల. ఇప్పుడు కృష్ణ సేద్యము కల.

ఈ మార్పులో రచయిత్రి పాత్ర లేదని చెప్ప వీలులేదు. ‘సెక్రటరీ’ చదివిన పడుచులు తమ కూతుళ్ళను చదివించిరి. జీతమునకు పోవు పిల్లను వారే కోరిరి, వారే పెంచిరి. చదివిన ఆ పిల్లలు మెట్టచేల వంక తిరిగి చూడలేదు. ఒక పుస్తకమున జయంతిని నిలిపి, మరియొక పుస్తకమున మీనాను పల్లెకు పంపిన రచయిత్రి మాటలలో పాఠకులు మొదటిదానిని ఆచరించిరి, రెండవదానిని దాచుకొనిరి. ఏది నిజముగా కావలెనో వారికి తెలియును.

ఆనాటి పొదిలి పడుచు నేడు డెబ్బది దాటిన అవ్వ. కుట్టుపుస్తకము పోయినది; అచ్చు ప్రతి యొకటి ఉన్నది. పండుగకు హైదరాబాదునుండి వచ్చిన మనుమరాలికి ఆమె దానిని ఇచ్చి చదువుమనినట్లు ఊహించుకొనవచ్చును. పిల్ల అట్ట వెనుక నున్న నాలుగు వాక్యములు చదివి, కథ ఏమని అడుగును. పట్నపు పిల్ల పల్లెటూరి బావను చేసికొనునని అవ్వ చెప్పును. పిల్ల క్షణకాలమాగి అడుగును:

‘‘ఆ ఊరికి కాలవ ఉందా అవ్వా?’’

‘‘ఉందిలే. కృష్ణా కాలవ.’’

‘‘అయితే సరే’’నని పిల్ల పుస్తకమును సంచిలో పెట్టుకొనును.